చిన్నరసం ఆకు మహత్తు

ఇరవై మూడేళ్ళ వయసులో ఉన్నంత తెలివి మనిషికి మళ్ళీ ఎప్పుడూ ఉండదు. ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఒకవేళ ఉన్నా అది తెలుసుకోదగ్గది కాదని అర్థం. (ఇప్పుడు చూడండి, కుక్కరు ఎన్ని కూతలు వేసిందో కూడా పక్కవాళ్ళని అడిగి రూఢి చేసుకుంటున్నాను.) పైగా నేను యూనివర్సిటీలో చదువుతున్నది నానోటెక్నాలజీ. చాట్రాయి పక్కన మా ఊళ్ళో అప్పటిదాకా ఆడపిల్లలు టీచరు ట్రైనింగు చదివారు, నర్సింగు చదివారు, కంప్యూటర్లు చదివారు. నానోటెక్నాలజీ చదివిన ప్రాణి ఒక్కటీ లేదు. సెలవులకి వస్తుంటే బస్సులో ఎవరైనా "ఏం చదువుతున్నావమ్మా?" అని అడగడమే ఆలస్యం, నూజివీడులో మొదలుపెట్టిన వివరణ మా ఊరి స్టేజీ వచ్చేదాకా సాగేది. పాపం, వాళ్ళేదో మర్యాదకి అడిగినవాళ్ళు. కొందరు మధ్యలోనే నిద్రపోయేవారు, ఒకాయన మాత్రం లేచి వెళ్ళి డ్రైవరు వెనక నిలబడ్డాడు.

ఈ వివరణలకి అందరికన్నా ఎక్కువగా బలైంది మా నాయనమ్మ. మోకాళ్ళు పట్టేసి ఎక్కువ తిరగలేదు కాబట్టి లేచి వెళ్ళిపోయే అవకాశం ఆవిడకి లేదు. ఒకరోజు చేటలో కందిపప్పు ఏరుకుంటుంటే ఎదురుగా కూర్చుని, తల వెంట్రుక ఒకటి తీసుకుని దాన్ని నిలువునా కొన్ని వేల చీలికలు చేస్తే అందులో ఒక చీలిక ఎంతుంటుందో అంతంత వస్తువుల గురించి మా చదువు అని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, అంత తీరిక ఎవరికుందే అంది. చేట ఒకసారి చెరిగి, కంటికి కనపడనిదాన్ని పట్టుకుని ఏం చేసుకుంటారని అడిగింది. మనకి కనపడకపోయినా మిషనుకి కనపడుతుందిలే అన్నాను. "మిషనుకి కనపడుతుందా?" అని ఇంకోసారి అడిగి, అవునన్నాక తల ఊపి మళ్ళీ పప్పులో పడింది. నాయనమ్మకి సైన్సు ఎక్కించానని ఆ పూట నేను చాలా తృప్తిగా అన్నం తిన్నాను.

ఎంటెక్ రెండో ఏడు అందరికీ ఒక ప్రాజెక్టు ఉంటుంది. మా గైడుగారు (మేం ఊరికే సార్ అనేవాళ్ళం) నాకిచ్చిన పని ఏమిటంటే, చెట్ల ఆకుల కషాయంతో వెండి రేణువులు తయారుచేయడం. చెప్పుకుంటే ఇది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఆకులు ఉడకబెట్టి కషాయం వడగట్టాలి. అందులో సిల్వర్ నైట్రేట్ అనే వెండి ఉప్పు నీళ్ళు చుక్క చుక్కగా పోయాలి. కషాయంలోని గుణం వల్ల కంటికి ఆనని వెండి రేణువులు పుడతాయి. అవి పుట్టాయో లేదో చూడ్డానికి ఆ ద్రవాన్ని ఒక మిషనులో పెడితే, అది దాని గుండా వెలుతురు పంపి కాగితం మీద గీత గీస్తుంది. వెండి ఉంటే ఆ గీత ఒకచోట గుట్టలా లేస్తుంది. గుట్ట సన్నగా, ఎత్తుగా ఉంటే పని బాగా జరిగినట్టు. మొదట మా క్యాంపస్‌లో ఉన్న మామిడిచెట్టు ఆకులతో చేశాను. గుట్ట లేచింది గానీ, పొట్టిగా, వెడల్పుగా, కూలబడిన గోనెసంచీలా ఉంది. సార్ చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం మా ల్యాబులో అన్నిటికన్నా పెద్ద తిట్టు.

అప్పుడొచ్చింది నాకు ఆలోచన. మామిడాకు కావాల్సివస్తే నేను క్యాంపస్ చెట్టుకేసి చూడ్డమేమిటి? మా వైపువాళ్ళ సంగతి మీకు చెప్పాలి. నూజివీడు చుట్టుపక్కల పుట్టినవాళ్ళకి మామిడి విషయంలో కొంచెం పొగరు ఉంటుంది. మిగతా ఊళ్ళలో కాసేవాటిని కూడా మామిడికాయలంటారని మాకు తెలుసు, దయతలచి మేమూ అంటాం. మా నాన్నయితే ఒకసారి ఎవరింట్లోనో వేరే ఊరి రసాలు పెడితే తిని, బావున్నాయండీ అని మెచ్చుకుని, ఇంటికొచ్చి నోరు పుక్కిలించిన మనిషి. అందుకని ఆ శనివారం ఇంటికి వెళ్ళి, మా తోటలో చిన్నరసం చెట్టు ఆకులు ముప్ఫై కోసి ఉంచాలని, పదిహేను రోజులకోసారి వచ్చి తీసుకెళతానని ప్రకటించాను. ఆకులు లేతవి కాకూడదు, ముదురువి కాకూడదు, వాటిమీద ఏమీ ఉండకూడదు, పురుగుమందు వాసన కూడా తగలకూడదు అని గట్టిగా చెప్పాను. నాన్న అలాగేలే అని తోటలోకి వెళ్ళిపోయారు. నాయనమ్మ మాత్రం ఈ షరతులన్నీ నాచేత రెండుసార్లు చెప్పించుకుంది. అప్పట్నుంచీ నేను శనివారం సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆకులు గుడ్డ సంచీలో సర్ది, మూతి కట్టి, గుమ్మం పక్కన సిద్ధంగా ఉండేవి. ఆదివారం ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కేదాన్ని.

ఆ ఆకులతో మొదటిసారి గీత తీసినప్పుడు మిషను పాడైందేమో అనుకున్నాను. అంత ఎత్తు గుట్ట. సార్ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఏం ఆకమ్మా ఇది?" అన్నారు. మా చిన్నరసం అండీ అన్నాను, కొంచెం తలెత్తి. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. చదువుకున్న మనిషన్నాక అక్కడ ఆగి, ఎందుకిలా వస్తోందని అడగాలి. నేను అడగలేదు. ఎందుకో నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు కదా, అది మా చిన్నరసం! రేణువులు తొందరగా పుట్టాలని కషాయంలో క్షారం చుక్కలు వేసిన ప్రతిసారీ ద్రవం ఎర్రగా తిరిగేది. ఈ రకంలో ప్రత్యేకమైన గుణమేదో ఉందని నోటుబుక్కులో రాసుకున్నాను. ఆకులని దగ్గరగా చూస్తే ఈనెల వెంట లేత పసుపు ఛాయ కనపడేది. అదీ రాశాను, 'ఈ రకానికి సహజం' అని. ఆ చెట్లకింద పుట్టి పెరిగిన పిల్లనండీ నేను. ఆ ఆకులతో బూరలు చేసి ఊదాను, బొమ్మల పెళ్ళిళ్ళకి తోరణాలు కట్టాను. ఏనాడూ వాటికి పసుపు ఛాయ చూడలేదు. అయినా సహజం అని రాశాను.

మా ల్యాబులో నా పక్కబల్ల దగ్గర వైజాగ్ అమ్మాయి ఒకతి ఉండేది. ప్రతిదానికీ అనుమానమే కాబట్టి దానికి సందేహం అని పేరు పెట్టాం. ఒకసారి వెండి కలపకుండా ఒట్టి కషాయాన్ని మిషనులో పెట్టి చూడకూడదా అని సందేహం నాకు సలహా ఇచ్చింది. మిషను ఒక్కొక్కరికి వారానికి అరగంట దొరుకుతుంది. ఆ అరగంటా ఆకు కషాయానికి ఫొటోలు తీస్తూ కూర్చుంటే అసలు పని ఎవరు చేస్తారని దాన్ని కసిరాను. అది మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. ఈలోగా మా నాన్న ఈ సంగతిని చాట్రాయి సెంటర్లో టీకొట్టు దాకా మోశారు. చిన్నరసం ఆకులో వెండి పుడుతోందట, యూనివర్సిటీవాళ్ళు నోళ్ళు వెళ్ళబెడుతున్నారట అని ఊళ్ళో మాట పాకింది. బంగినపల్లి తోట ఉన్న ఒక పెద్దాయన, మా ఆకు కూడా ఓసారి చూడమనండి అమ్మాయిని, అని కబురు పెట్టాడు. పెద్దరసం సంగతేంటని ఇంకెవరో అడిగితే, నాన్న ఎంతో విచారంగా, పెద్దరసం పాపం అంతటిది కాదంట అని చెప్పారట. (పెద్దరసం ఆకుని నేను ముట్టుకోనుకూడా లేదు.) ఇక్కడ సార్ కూడా తక్కువ తినలేదు. బయటినుంచి నిపుణులు వస్తున్న సెమినారులో నా పని పెట్టించారు. వాళ్ళ ముందు ఆ గ్రాఫు నిలబడితే పెద్ద ల్యాబులో పరిశోధన సీటుకి నా పేరు తనే సిఫారసు చేస్తానన్నారు. ఆ సీటు కోసం నేను రెండేళ్ళుగా కలలు కంటున్నాను. దాని ముందు నాకు పెళ్ళీ పేరంటం ఏవీ కనపడలేదు. సెమినారు ఇంకా పదిరోజులుందనగా, కొత్త ఆకులు తెచ్చి నా ఎదురుగా ఒక్కసారి చేసి చూపించమ్మా అన్నారు సార్. దానికేం భాగ్యమని, చెప్పా పెట్టకుండా శుక్రవారం మధ్యాహ్నమే ఇంటికి దిగాను.

ఇంట్లో ఎవరూ పలకలేదు. నాన్న తోటలో ఉన్నారు. దొడ్లోకి వెళితే నాయనమ్మ పంపు దగ్గర పీట వేసుకుని, ముడవని కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చుని ఉంది. పక్కన ఇత్తడి బేసిను, దాని నిండా పచ్చటి పసుపు నీళ్ళు. ఒక్కొక్క ఆకునే ఆ నీళ్ళలో ముంచి, బొటనవేలితో ఒకవైపు రుద్ది, తిప్పి రెండోవైపు రుద్ది, పాత చీర ముక్కతో అద్ది, చాపమీద నీడలో పరుస్తోంది. చంటిపిల్లల మొహం కడిగినంత ఓపిగ్గా చేస్తోంది. రేపు కదే వస్తానన్నావు, ఇవాళే దిగావేంటి అని పలకరించింది. నేను ఆ పలకరింపు వినే స్థితిలో లేను. ఆ నీళ్ళేమిటని అడిగాను.

"పసుపు నీళ్ళు. నీ ఆకులేగా, కడుగుతున్నాను."

"ఎప్పట్నుంచి కడుగుతున్నావు?"

"మొదట్నుంచీనూ. ఆకు మీద ఏమీ ఉండకూడదు, మందు వాసన తగలకూడదని నువ్వే అన్నావు కదే. మీ నాన్న కొట్టే మందులు ఊరికే నీళ్ళకి పోతాయా? పసుపేసి కడిగితే ఇంకేం ఉండదు."

"పసుపు ఉంటుంది కదా నాయనమ్మా."

ఆవిడ చెయ్యి ఆపి నాకేసి విచిత్రంగా చూసింది. "పసుపు ఉంటే ఏదో ఉన్నట్టా ఏంటే?" అంది.

ఒళ్ళు మండిపోయింది, నిజమే చెబుతున్నాను, ఆ బేసిను తన్నేద్దామన్నంత కోపం వచ్చింది. అంతలో ఆవిడ మళ్ళీ ఆకు ముంచింది. బొటనవేలు చర్మం పగిలి, పగుళ్ళలో పసుపు దిగిపోయి ఉంది. పదిహేను రోజులకోసారి ముప్ఫై ఆకులు, ఒక్కోదానికి రెండు వైపులు. పీట మీదనుంచి లేవాలంటే ఎవరైనా చెయ్యి అందించాల్సిన మనిషి ఎనిమిది నెలలుగా ఇది చేస్తోంది. నేను లోపలికి వెళ్ళి మజ్జిగ తాగాను. మర్నాడు ఆవిడ ఇచ్చిన సంచీ తీసుకుని, దారిలో తోట దగ్గర ఆగి, అదే చెట్టునుంచి ఇంకో ముప్ఫై ఆకులు కోసి కవర్లో వేసుకుని వెళ్ళాను.

సోమవారం సందేహాన్ని బతిమాలి దాని అరగంట అడిగి తీసుకున్నాను. నాయనమ్మ ఆకుల కషాయం, అందులో వెండి చుక్క కూడా కలపకుండా, మిషనులో పెట్టాను. గుట్ట లేచింది. ఎత్తుగా, అచ్చు నా గ్రాఫుల్లో లేచినచోటే. పసుపుకీ వెండి రేణువులకీ గుట్ట లేచే చోటు ఇంచుమించు ఒకటేనట. ఆ సంగతి ఆ తర్వాత పుస్తకంలో చూశాను. మిగిలిన కషాయంలో క్షారం చుక్క వేశాను. బీకరంతా ఎర్రబడింది. పెళ్ళిపీటల దగ్గర పసుపు నీళ్ళలో సున్నం కలిపి తీసే ఎర్రనీళ్ళ హారతి అది. మా ఊళ్ళో ఆరేళ్ళ పిల్లనడిగినా చెబుతుంది. నేను ఎనిమిది నెలలపాటు దాన్ని ప్రత్యేకమైన గుణం అన్నాను. ఇక మామూలు నీళ్ళతో కడిగిన ఆకుల సంగతా, వెండి కలిపాక అచ్చం క్యాంపస్ చెట్టులాగే పొట్టి గుట్ట, అదే కూలబడిన గోనెసంచీ. సందేహం గ్రాఫులన్నీ పక్కపక్కన పెట్టి చూసి, వాటి కింద తేదీలు వేసి నా చేతికిచ్చింది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుందని లెక్కలు వేసుకున్నాను. సందేహం నోరు విప్పే రకం కాదు. నాయనమ్మ ఉన్నంతకాలం పసుపుటాకులకి లోటు లేదు. సెమినారు వారంలో అయిపోతుంది, సీటు చేతికొస్తుంది, ఆ తర్వాత చూసుకోవచ్చు. లెక్క బాగానే కుదిరింది. కానీ కళ్ళు మూసుకుంటే ఎక్కడో ఇంకో ల్యాబులో నాలాంటి పిల్ల ఎవరో కనపడేది. నేను రాసింది నమ్మి మామిడాకులు శుభ్రంగా కడుక్కుని, ఆ గుట్ట రాక, తన చేతుల్లోనే ఏదో లోపం ఉందని ఏడుస్తున్నట్టు ఉండేది. క్యాంపస్ ఆకులతో చేసిన రోజుల్లో ఇంకొకళ్ళ పేపరు నమ్మి నేనూ అలాగే రెండు నెలలు ఏడ్చాను. ఆ ఏడుపు ఎలా ఉంటుందో తెలిసి ఇంకొకరికి పెట్టబుద్ధి కాలేదు. మూడోరోజు పొద్దున్నే గ్రాఫులు పట్టుకుని సార్ గదికి వెళ్ళాను.

సార్ అన్నీ చూశారు. మధ్యలో ఒకసారి, పసుపేంటమ్మా అని మాత్రం అడిగారు. చెప్పాను. "ఒట్టి కషాయానికి గీత తీయలేదా నువ్వు?" అన్నారు. లేదండి అన్నాను. "తీశావా అని నేను అడగలేదా?" అన్నారు. లేదండి అన్నాను. "అయితే ఇద్దరం వెధవలమే" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సెమినారు మానుకుంటానన్నాను. అక్కర్లేదు, ఇదే చెప్పు, ఉన్నది ఉన్నట్టు చెప్పు అన్నారు.

చెప్పాను. హారతి దగ్గరికి వచ్చేసరికి హాలంతా నవ్వులు. నేనూ నవ్వాననుకుంటాను. పరిశోధన సీటుకి సిఫారసు వేరే అబ్బాయికి వెళ్ళింది, నా ప్రాజెక్టు ఇంకో ఆరు నెలలు సాగింది. ప్రశ్నల సమయంలో ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ ఒకరు లేచి, ఈ సంగతి మీ నాయనమ్మగారికి చెప్పారా అని అడిగారు. లేదండి, బాధపడుతుందని చెప్పలేదన్నాను. చెప్పమ్మా, ఎనిమిది నెలలు మీతో కలిసి పనిచేశారు కదా, ఫలితం తెలియాలి కదా అని కూర్చున్నారు.

ఆ వారం ఇంటికి వెళ్ళి చెప్పాను. నాన్న కూడా అక్కడే ఉన్నారు. చిన్నరసం ఆకుకి మహత్తు లేదనేసరికి ఆయన మొహం చూడలేకపోయాను. (ఆ తర్వాత టీకొట్టు దగ్గర, ఆకు మంచిదేనండీ, యూనివర్సిటీవాళ్ళకే కడుక్కోవడం చేతకాలేదు అని సర్దుకున్నారట.) నాయనమ్మ మాత్రం చేట పక్కన పెట్టి, అంతా విని, ఒకటే ప్రశ్న వేసింది.

"అయితే ఆ మిషనుకి కనపడింది నా పసుపేనా?"

"అవును నాయనమ్మా."

"ఎనిమిది నెలలూనా?"

"ఎనిమిది నెలలూ."

ఆవిడ మొహంలోకి మెల్లగా నవ్వు వచ్చింది. "పోన్లే" అంది, "ఈ ఇంట్లో నేను చేసిన పని మిషనుకైనా కనపడింది."

నాన్నా నేనూ పగలబడి నవ్వాం. ఆవిడ కూడా మాతో కలిసి నవ్వి చేట ముందుకి లాక్కుంది. ఇకమీదట ఆకులు నేనే కోసుకుని, నేనే కడుక్కుంటానని చెబితే, మంచిదే, నా మోకాళ్ళకీ సుఖం అంది. 'మిషనుకైనా' అని ఆవిడ అన్న మాట సరిగ్గా నా చెవిలో పడడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఆ పొట్టి గుట్టతోనే ఎంటెక్ పూర్తిచేశాను. ఇప్పుడు మైలవరం వైపు ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మొదటిరోజు ల్యాబులో పిల్లలచేత ఏమీ కలపని ఒట్టి కషాయానికి గీత తీయిస్తాను. ఇందులో ఏం వస్తుంది మేడమ్ అని వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను. నాయనమ్మ పోయి నాలుగేళ్ళయింది. మొన్న బీరువా సర్దుతుంటే ఆ గుడ్డ సంచీ బయటపడింది. తెల్ల గుడ్డతో కుట్టిన సంచీ అది. అడుగంతా పసుపు, అంచులు పసుపు, పట్టుకునే చోట కూడా ఆవిడ వేళ్ళ పసుపు. ఎన్నిసార్లు ఉతికారో గానీ పోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా కాస్త వాసన కూడా ఉన్నట్టనిపించింది. ఎనిమిది నెలలు దీన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుని, వెంట్రుకలో వెయ్యోవంతు ఉండే వస్తువుల గురించి పక్కవాళ్ళకి వివరించిన పిల్ల గుర్తొచ్చింది. ఒక్కసారి తల దించి సంచీ కేసి చూడవే పిచ్చిదానా అని చెప్పాలనిపించింది. అది వినదు. నూజివీడు నుంచి మా ఊరి స్టేజీ దాకా ఆపకుండా మాట్లాడుతూనే ఉంటుంది.